మే నెలకు కూలీ కట్టివ్వండి: ఉన్నత విద్యా మండలికి, రాయలసీమ విశ్వవిద్యాలయానికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉన్నత విద్యా మండలి అధ్యక్షుల వారికి, రాయలసీమ విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి, కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను ఆదోని డివిజన్‌లోని ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్‌ని. సంగతి సూటిగా చెప్పేస్తాను. మా పిల్లలు వేసవి సెలవుల్లో తమ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఉండి, ఊరివాళ్లతో కలిసి, ఊరికి అక్కరకొచ్చే ఒక ప్రశ్న పట్టుకుని ఎనిమిది వారాలు పరిశోధన చేస్తే, ఆ ఎనిమిది వారాలకూ కూలీకి తగ్గకుండా స్టైపెండ్ ఇవ్వండి. అదీ పని మొదలయ్యే ముందే ఇవ్వండి. ఎందుకివ్వాలి, ఎంతివ్వాలి, ఎక్కడినుంచి తేవాలి అన్నదే మిగతా లేఖంతా.

డిగ్రీ పిల్లల్ని ఊళ్లోకి పంపే ఏర్పాటు మన రాష్ట్రంలో ఇప్పటికే ఉంది. ఫస్టియర్ అయిపోగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేయాలి. కాలేజీల్లో అందరూ సీఎస్పీ అంటారు. 180 గంటల పని, 4 క్రెడిట్లు. ముందు ఊళ్లో సామాజిక, ఆర్థిక సర్వే. తర్వాత ఒక సమస్య ఎంచుకుని దాని మీద అవగాహన కార్యక్రమాలు, ఆపైన కొన్ని వారాల లోతైన పని, చివర్లో రిపోర్టు. రోజూ లాగ్‌బుక్ రాయాలి, మెంటర్ సంతకం పెట్టాలి. ఈమధ్య డిగ్రీ చదువులో వచ్చిన మార్పుల్లో నాకు మనస్ఫూర్తిగా నచ్చింది ఇదొక్కటే. దీన్ని ఆలోచించినవాళ్లకు దండం పెట్టాలి.

ఇప్పుడు జూన్‌లో కాలేజీలు తెరిచే వారం ఏదైనా డిగ్రీ కాలేజీ పక్కనున్న జిరాక్స్ షాపులో పది నిమిషాలు నిలబడి చూడండి. "సీఎస్పీనా? ఏ టాపిక్?" అని షాపతనే అడుగుతాడు. ప్లాస్టిక్ వాడకం, పరిశుభ్రత, డిజిటల్ లావాదేవీలు, సీజనల్ జ్వరాలు, ఏది కావాలంటే అది. పేరు, హాల్‌టికెట్ నంబరు, ఊరి పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ కొట్టి మూడు నాలుగు వందలకు చేతిలో పెడతాడు. ఒకసారి నా దగ్గరికొచ్చిన రిపోర్టులో ఆస్పరి మండలంలోని ఒక ఊళ్లో జనం ప్రధానంగా సముద్రపు చేపల వేట మీద బతుకుతారని ఉంది. బిందెడు నీళ్లకు తిప్పలు పడే ఊరది. ఎక్కడో కోస్తా జిల్లా రిపోర్టు మన దాకా నడిచొచ్చింది. దారిలో ఊరి పేరు మారింది గానీ వృత్తి మారలేదు.

ఇందుకు పిల్లల్ని తిట్టి లాభం లేదు. మే నెలలో వాళ్లు ఎక్కడుంటారో చూస్తే సంగతి అర్థమవుతుంది.

మా పడమటి మండలాల పిల్లల్లో చాలామందికి వేసవి సెలవులంటే సంపాదించుకునే కాలం. సెమిస్టర్ ఆఖరి పేపరు రాసి, అదే సాయంత్రం బెంగళూరు దారి పట్టేవాళ్లు ఎందరో. అక్కడ మేస్త్రీ కింద సెంట్రింగ్ పని, హోటళ్లలో సప్లయర్ పని, ముహూర్తాలున్న రోజుల్లో క్యాటరింగ్. ఊళ్లో ఉండిపోయినవాళ్లు అమ్మతోపాటు ఉపాధి పనికి పోతారు. పద్దెనిమిది నిండాయి, జాబ్‌కార్డులో పేరుంది, ఎండెక్కకముందే గడ్డపార పట్టుకుని చెరువు దగ్గర ఉండాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఆ కూలీ రోజుకు 307 రూపాయలు. అదీ కొలత సరిగ్గా పడితే. ఆడపిల్లలైతే పొద్దున ఉపాధి పని, మధ్యాహ్నం నుంచి కుట్టుమిషను.

అలాంటి పిల్లవాడితో మనం అంటున్నదేమిటి? నాయనా, ఈ రెండు నెలలూ కూలీ మానుకో. నీ చార్జీలతో నువ్వే ఊళ్లు తిరుగు. బ్యానరు నువ్వే వేయించు, రిపోర్టు నువ్వే ప్రింటు తీయించు. చివర్లో 4 క్రెడిట్లిస్తాం. వాడు లెక్క చూసుకుంటాడు. ఒక పని కోసం వదులుకున్న రెండో పని విలువను ఆపర్చునిటీ కాస్ట్ అంటారని క్లాసులో వాడికి చెప్పింది నేనే. పాఠం బాగానే ఎక్కినట్టుంది.

ఇందులో నాకు బాధనిపించేది ఏంటంటే, ఈ పని అందరికంటే బాగా చేయగలిగిన పిల్లలే దీనికి దూరమవుతున్నారు. ఇంట్లో కాస్త స్థోమత ఉన్న పట్నం పిల్లలు రెండు నెలలు ఖాళీగా ఉండగలరు, కొందరు శ్రద్ధగానే చేస్తారు. కానీ వాళ్లు ఊళ్లోకెళ్తే సర్పంచి ఇంటి దగ్గర కాఫీ, సచివాలయంలో లెక్కలు, స్కూలు ముందు ఫోటో, అక్కడితో సరి. ఊరవతల కాలనీలో ఏ ఇంట్లో ఎవరికి ఎంత అప్పుందో, అడ్వాన్సు ఇచ్చి కూలీల్ని వలస పనికి తీసుకెళ్లే మేస్త్రీ ఎవరో, ఎవరితో ఏ పొద్దు మాట్లాడితే నోరు విప్పుతారో తెలిసిన పిల్లవాడు ఆ టైముకు బెంగళూరులో ఇసుక జల్లెడ పడుతుంటాడు.

ఇక వేసవే ఎందుకు, దసరా సెలవుల్లో చేయించకూడదా అని అడగొచ్చు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వైపు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు పత్తి, మిరప పనులకు తరలిపోవడం మీకు తెలియంది కాదు. సుగ్గికి పోవడం అంటాం. దీపావళి దాటినప్పటి నుంచి కదలిక మొదలవుతుంది, సంక్రాంతి తర్వాత మిరప కోతలకు జోరందుకుంటుంది. లారీల్లో, బొలేరోల్లో బియ్యం మూటలు, వంటసామాను, చంటిపిల్లలతో సహా పోతారు. ఆ నెలల్లో ఊళ్లోకెళ్లి ఏ సర్వే చేసినా వీధి పొడవునా తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఉగాది తర్వాత ఒక్కో బండీ తిరిగొస్తుంది. మే నెలకు ఇళ్లలో మనుషులుంటారు. తొలకరి పడి విత్తనం వేసేదాకా కాస్త తీరిక కూడా ఉంటుంది. ఈమధ్య పీర్ల పండగ కూడా జూన్, జూలైల్లోనే వస్తోంది కాబట్టి ఎక్కడున్నవాళ్లయినా దానికి ఊరు చేరతారు. వలస గురించి తెలుసుకోవాలంటే వలస పోయినవాళ్లు ఇంట్లో ఉండే కాలంలోనే వెళ్లాలి కదా. ఎండ 43, 44 డిగ్రీలుంటుంది, కాదనను. పొద్దున పదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత తిరగాలి. ఊరివాళ్లు మాటలకు దొరికేదీ ఆ వేళల్లోనే.

మా వైపు టీవీ వాళ్లు ఏటా రెండుసార్లు తప్పకుండా వస్తారు. దసరా రాత్రి దేవరగట్టులో కర్రల సమరానికి ఒకసారి, తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల వేటకు ఒకసారి. తలలు పగిలితే ఒక వార్త, రాయి దొరికితే ఒక వార్త. మిగతా ఏడాదంతా ఇక్కడేం జరుగుతోందో రాసిపెట్టేవాళ్లు కావాలి. వాళ్లు మా క్లాసుల్లోనే ఉన్నారు.

ఒకమ్మాయి సంగతి చెప్తాను. బీఏ చదివింది. అమ్మానాన్నలు సుగ్గికి పోయేవాళ్లే. సీఎస్పీకి అదే టాపిక్ తీసుకుంది. మేమిచ్చే సర్వే ఫారంలో టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, మరుగుదొడ్డి వాడుతున్నారా, బ్యాంకు ఖాతా ఉందా అని వరసగా ప్రశ్నలుంటాయి. అవన్నీ నింపింది. ఫారం వెనక ఖాళీ పేజీలో మాత్రం స్కేలు పెట్టి తనే నాలుగు గళ్లు గీసుకుంది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు ఏ నెలలో తీసుకున్నారు. దేనికి తీసుకున్నారు. పోయేటప్పుడు ఇంటి తాళంచెవి ఎవరి చేతికిచ్చారు. తిరిగొచ్చేసరికి అడ్వాన్సు తీరిందా.

తాళంచెవి గడి ఎందుకో నాకు అంతుబట్టక అడిగాను. "తాళంచెవి ఎవరి దగ్గరుంటే వాళ్లింట్లోనే పిల్లోల్లు తింటారు సార్" అంది. తల్లిదండ్రులు పోయాక బడికి పోయే పిల్లలు ఉండేది అవ్వ దగ్గర, అవ్వ లేకపోతే మేనత్త దగ్గర, ఎవరూ లేకపోతే పక్కింట్లో. ఒకే ఇంటిమీద మూడు నాలుగు కుటుంబాల పిల్లల భారం పడుతున్న సంగతి ఆ తాళంచెవుల లెక్కలో బయటపడింది. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడుపుతోంది. వాటిని ఏ వీధికి దగ్గరగా పెట్టాలో, వంటకు ఎవరిని పెట్టుకుంటే పిల్లలు నిలుస్తారో ఈ లెక్క చూసి చెప్పొచ్చు. ఏ శాఖ ఫారంలోనూ నేను ఆ ప్రశ్న చూడలేదు.

అడ్వాన్సు గడి దగ్గర ఇంకో సంగతి. ఆమె కలిసిన ఇళ్లలో ఎక్కువమంది మేస్త్రీ దగ్గర డబ్బు తీసుకున్నది ఎండాకాలంలోనే. పెళ్లికో, బోరుకో, విత్తనాలకో. అంటే సుగ్గికి పోవాలా వద్దా అన్నది పంట పోయాక తేలే విషయం అని మనం అనుకుంటుంటాం గానీ, ఆ ఇళ్లకు అది విత్తనం వేయకముందే తేలిపోయింది. పంట బాగా పండినా బండి ఎక్కాల్సిందే. ఇది ఒక్క వీధి లెక్క, జిల్లా అంతా ఇంతేనని దీన్ని పట్టుకుని అనలేం. ఇంకో పది ఊళ్లలో ఇదే నాలుగు గళ్లు నింపితే తెలుస్తుంది. అప్పుడు, వలస ఆపడానికి నవంబరులో ఉపాధి పనులు చూపిస్తే సరిపోతుందా, మే నెలలో చేబదులు దొరికే దారి చూపాలా అన్న ప్రశ్నకు కలెక్టర్ గారి దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

మరుసటి వేసవిలో ఆ పది ఊళ్లు తిరగాలని ఆమెకూ ఉండింది. బస్సు సంగతి ఇప్పుడు సరే, 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆ మేలు చెప్పుకోవాలి. బస్సు పోని ఊళ్లకు ఆటో కావాలి, మధ్యాహ్నం తిండి కావాలి, ఫోన్ రీచార్జి కావాలి. అన్నిటికంటే ముందు ఇంట్లో తమ్ముడి ఫీజు ఉంది. ఆ వేసవిలో బెంగళూరులో గార్మెంట్స్‌లో చేరి రెండు నెలలు చేసింది, ఆ డబ్బుతో ఫీజు కట్టారు. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

డిగ్రీ చదివే పిల్లలకు పరిశోధన ఏం వస్తుంది, ముందు రెండు వాక్యాలు తప్పుల్లేకుండా రాయమనండి అని స్టాఫ్‌రూముల్లో ఒక మాట వినిపిస్తుంటుంది. వాళ్లకు సామాజిక తనిఖీని గుర్తు చేయాలి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైంది. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు కూడా మొదలుపెట్టారు. మస్టర్ కాగితాలు, అంటే కూలీల హాజరు పట్టీలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, "అక్కా, నీ పేరున ఇన్ని రోజుల పని పడింది, డబ్బు ముట్టిందా?" అని అడిగిందెవరు? కూలీల ఇళ్లలో పుట్టిన, అంతో ఇంతో చదువుకున్న ఊరి పిల్లలు. కొన్నాళ్ల శిక్షణ ఇచ్చారు, తనిఖీ చేసిన రోజులకు భత్యం ఇచ్చారు. వాళ్లు పనులు టేపు పెట్టి కొలిచారు, పనికి రానివాళ్ల పేర్లమీద పడిన కూలీని పట్టుకున్నారు, మండలంలో ప్రజా వేదిక పెట్టి అధికారుల ఎదురుగా చదివి వినిపించారు. 2009లో దానికంటూ ఒక సొసైటీయే ఏర్పడింది. వేరే రాష్ట్రాలవాళ్లు వచ్చి చూసి నేర్చుకుపోయారు. ప్రశ్న వేసుకోవడం, ఇల్లిల్లూ తిరిగి సాక్ష్యం పోగుచేయడం, కాగితంతో సరిపోల్చడం, నలుగురి ముందు పెట్టి తప్పయితే దిద్దుకోవడం. పరిశోధనకు ఇంతకంటే ఏం కావాలి? అప్పట్లో ఇంటర్ పిల్లలతో అయిన పని ఇప్పుడు డిగ్రీ పిల్లలతో ఎందుకు కాదు? అప్పుడు చేసినవాళ్లకు భత్యం ఇచ్చారు. తేడా అక్కడే ఉంది.

ఊరివాళ్లను సర్వే ఫారంలో అంకెలుగా చూడకుండా, పరిశోధనలో భాగస్వాముల్ని చేయాలన్నది నేను కనిపెట్టిన మాటేం కాదు. ఢిల్లీలోని ప్రియా సంస్థ 1982 నుంచి ఇదే పని మీద ఉంది. దాన్ని స్థాపించిన రాజేశ్ టాండన్, కెనడాకు చెందిన బడ్ హాల్ కలిసి 2012లో ఈ విషయం మీదే యునెస్కో పీఠం మొదలుపెట్టారు. మన యూజీసీ కూడా కాలేజీలకు సామాజిక బాధ్యత ఉండాలని మార్గదర్శకాలిచ్చింది. ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు ఊళ్లను దత్తత తీసుకుంటున్నాయి. కాలేజీలను మదింపు చేసే న్యాక్ వాళ్ల ప్రమాణాల్లోనూ పరిశోధన, విస్తరణ సేవల ప్రస్తావన ఉంది. పని చేసే పిల్లవాడి చేతికి వచ్చేది మాత్రం ఎక్కడా కనబడదు.

వేసవిలో డబ్బిచ్చి పరిశోధన చేయించే పద్ధతి దేశంలో లేదా అంటే ఉంది. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు సైన్స్ అకాడమీలతో కలిసి ఏటా వేసవి ఫెలోషిప్‌లు ఇస్తోంది. రెండు నెలలు పెద్ద ల్యాబుల్లో సైంటిస్టుల దగ్గర పని, నెలనెలా స్టైపెండ్. చాలా మంచి పథకం, సైన్స్ పిల్లలకు తప్పకుండా చెప్తుంటాను. సోషల్ సైన్సెస్ వైపు వస్తే, ఆ రంగంలో పరిశోధనకు డబ్బిచ్చే జాతీయ మండలి ఐసీఎస్ఎస్ఆర్ ఫెలోషిప్‌లు పీహెచ్‌డీ వాళ్లకు, ఆపైవాళ్లకు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు నెలకు 5,000 పెట్టారు గానీ అది కంపెనీల్లో, రెగ్యులర్‌గా చదువుతున్నవాళ్లకు పెట్టింది కాదు. నీతి ఆయోగ్‌లో ఇంటర్న్‌షిప్‌కు డిగ్రీ పిల్లలు పోవచ్చు, స్టైపెండ్ ఉండదు, ఢిల్లీలో గది అద్దె ఎవరు కట్టుకుంటే వాళ్లదే ఛాన్సు. కొత్త విద్యా విధానంలో నాలుగో ఏడు ఆనర్స్ విత్ రీసెర్చ్ ఉంది, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవాళ్లకు. మూడేళ్లకే ఉద్యోగం చూసుకోక తప్పని ఇళ్ల పిల్లలు అక్కడిదాకా వచ్చేదెప్పుడు? ఆదోనిలో బీఏ, బీకాం చదివే అమ్మాయికి వీటిలో ఒక్కటీ అందదు.

ఎంతవుతుందో లెక్క చెప్తాను. వారానికి ఆరు రోజులు, ఎనిమిది వారాలు, 48 రోజులు. రోజుకు 307 చొప్పున 14,736 రూపాయలు. 15,000 అనుకుందాం. చార్జీలకు, తిండికి, ఫోనుకు, ప్రింట్లకు ఇంకో 5,000. మనిషికి 20,000. కర్నూలు, నంద్యాల రెండు జిల్లాలకూ కలిపి మొదటి ఏడు 60 మందిని తీసుకుంటే 12 లక్షలు. ఒక కాలేజీకి న్యాక్ బృందం వచ్చే ముందు రంగులకు, ఫ్లెక్సీలకు, శాలువాలకు, బొకేలకు ఎంతవుతుందో నేను చూశాను. ఆ ఖర్చు చూసినవాడికి ఈ 12 లక్షలు పెద్దగా అనిపించవు.

డబ్బు ఎక్కడిది? రాష్ట్ర బడ్జెట్ కోసం మూడేళ్లు ఎదురుచూడమని నేను అడగను. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి, అందులో విద్య ఉంది. ఓర్వకల్లు, గడివేముల వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది, ఆస్పరి గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి, నంద్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కలెక్టర్ గారు పిలిచి అడిగితే ఒక ఏడాది ఖర్చుకు ముందుకొచ్చేవాళ్లు దొరక్కపోరు. ఇక 2015లో గనుల చట్టం సవరించాక ఏర్పడ్డ జిల్లా ఖనిజ నిధి ఉంది. గనుల వల్ల ఇబ్బంది పడే ప్రాంతాల్లో తాగునీరు, ఆరోగ్యం, విద్యలాంటివాటికి వాడాల్సిన డబ్బది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి, సున్నపురాయి గనులున్న ఊళ్లలో మన పిల్లలు దుమ్ము మీద, బోరుబావుల మీద పరిశోధన చేస్తే ఆ నిధిలోంచి ఇవ్వడం ధర్మం. ఒక్క జాగ్రత్త. కంపెనీ డబ్బుతో అదే కంపెనీ పక్క ఊళ్లో పరిశోధన చేయించకూడదు. ఏ డబ్బయినా విశ్వవిద్యాలయం ఖాతాలో పడి అక్కడినుంచి పిల్లలకు వెళ్లాలి, ప్రశ్న ఏం ఉండాలో డబ్బిచ్చినవాళ్లు చెప్పకూడదు.

డబ్బు ఎలా ఇస్తారన్నది ఎంత ఇస్తారన్నదానికంటే ముఖ్యం. దయచేసి బిల్లులు పెట్టండి, తర్వాత ఇస్తాం అనొద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు పడక సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసు చుట్టూ తిరగడం ఎలా ఉంటుందో మా పిల్లలకు కొత్తగా చెప్పక్కర్లేదు. తర్వాత వస్తుందన్న డబ్బును నమ్ముకుని ఏ తల్లీ పిల్లను కూలీ మాన్పించదు. సగం ఏప్రిల్ ఆఖరుకల్లా పిల్లల ఖాతాలో పడాలి. పావు భాగం నాలుగో వారం చివర్లో, మిగతా పావు ఊళ్లో చదివి వినిపించాక. ఆటో డ్రైవరు రసీదు ఇవ్వడు, కాబట్టి చార్జీలకు రసీదు అడగొద్దు.

మార్కులు చూసి ఎంపిక చేయొద్దు. ఒక పేజీ రాసి ఇమ్మనండి: నువ్వు తెలుసుకోవాలనుకున్నదేమిటి, ఎవరిని అడుగుతావు, తెలిస్తే ఎవరికి ఉపయోగం. తెలుగులో రాయనివ్వండి, ఆదోనిలో ఉర్దూ పిల్లలు ఉర్దూలో రాస్తామంటే రాయనివ్వండి. హొళగుంద వైపు ఇళ్లలో కన్నడ మాట్లాడతారు, నోట్సు కన్నడంలో ఉన్నా ఏం కాదు. రిపోర్టు ఇంగ్లీషులోనే ఉండాలని పట్టుబడితే మళ్లీ జిరాక్స్ షాపుకే చేరతాం, ఈసారి కంప్యూటర్ అనువాదంతో.

ప్రశ్న ఊరిది కావాలి. టాపిక్‌ల లిస్టు పైనుంచి పంపొద్దు. పత్తికొండ రైతును అడిగితే, కిలో టమోటా రూపాయికి పడిపోయి రోడ్డు మీద పారబోసిన రోజు మార్కెట్‌లో అసలు ఏం జరిగిందో తెలుసుకోమంటాడు. ఎమ్మిగనూరు మగ్గం ఇంట్లో అడిగితే పిల్లలు మగ్గం ఎందుకు ఎక్కడం లేదో కనుక్కోమంటారు. తుంగభద్ర దిగువ కాలువ చివరి ఆయకట్టు రైతు అడిగేది ఒకటే, పైన వదిలిన నీళ్లు దారిలో ఏమవుతున్నాయని. వీటిలో ప్రతి ఒక్కటీ ఒక వేసవికి సరిపడా పని.

ఊరివాళ్లు ఇప్పటికే సర్వేలతో విసిగిపోయి ఉన్నారు. గుమ్మంలో నిలబడ్డ ప్రతివాడూ ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, వేలిముద్ర అడిగేవాడే. ఏదో పథకం వస్తుందని ఇస్తారు, రాకపోయేసరికి తర్వాత వచ్చినవాడి మీద మండిపడతారు. మా పిల్లల ఫారాల్లో ఆధార్ గడి ఉండకూడదు. ముందే చెప్పాలి, దీనివల్ల మీకు డబ్బు రాదు, చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పొద్దు అని. అప్పుల గురించి, మేస్త్రీల గురించి రాసిన కాగితాల్లో ఇంటిపేర్లు బయటపడకుండా చూడటం పెద్దవాళ్లుగా మన బాధ్యత. ఊరంతా ఒకరికొకరు తెలిసిన చోట పేరు తీసేస్తే చాలదు, "ముగ్గురాడపిల్లలున్న ఇల్లు" అంటే చాలు, ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఈ జాగ్రత్తలకు మే మొదట్లో ఒక వారం శిక్షణ పెట్టండి. సామాజిక తనిఖీ చేసి అనుభవమున్నవాళ్లను పిలిచి చెప్పించండి. పవర్‌పాయింట్లు వద్దు, ఒక ఊళ్లో వాళ్ల వెంట నడిపించండి చాలు.

తెలిసింది ముందు ఊళ్లో చెప్పాలి, తర్వాతే కాలేజీలో. రచ్చబండ దగ్గరో, బడి ఆవరణలోనో, సాయంత్రం చీకటి పడ్డాక, ఉపాధి నుంచి వచ్చి ఆడవాళ్లు అన్నాలు తిన్నాక. చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి చదవాలి. తప్పుంటే అక్కడే ఎవరో ఒకరు లేచి "అట్ల కాదు బిడ్డా" అంటారు. పీహెచ్‌డీ వైవాలో కూడా అంత గట్టి పరీక్ష ఉండదు. డబ్బు తీసుకుని పని చేయకుండా ఎగ్గొడితే ఎలా అని మీలో ఎవరికైనా అనుమానముంటే, దానికి జవాబు కూడా ఇదే. ఊరికి రాని పిల్లవాడు ఊరి ముందు నిలబడి చదవలేడు.

మాలాంటి లెక్చరర్ల సంగతి కూడా చెప్పాలి. రెగ్యులర్ వాళ్లం సెలవుల్లో డ్యూటీ చేస్తే ఆర్జిత సెలవు జమవుతుంది, మాకు అది చాలు. కానీ చాలా కాలేజీల్లో పిల్లలతో నిజంగా దగ్గరగా ఉండేది గెస్ట్ లెక్చరర్లు, వాళ్లకు మే నెలలో పాఠాలూ లేవు, జీతమూ లేదు. మెంటర్‌గా వాళ్లను తీసుకుంటే ఆ రెండు నెలలకూ గౌరవ వేతనం లెక్కలో కలపండి. పైన చెప్పిన 12 లక్షల్లో ఇది లేదు. పది పన్నెండు మంది మెంటర్లయితే ఇంకో రెండు మూడు లక్షలు పెరుగుతుంది.

ఆడపిల్లల విషయంలో ఇద్దరిద్దరిని జతగా పంపాలి, రాత్రి ఏ ఊళ్లో ఉంటున్నారో మెంటర్‌కు తెలిసుండాలి, సొంత ఊరో మేనమామ ఊరో అయితే ఇంకా మంచిది. దీనికి పెద్ద కమిటీలేం అక్కర్లేదు, ఇంట్లో అమ్మానాన్నలతో ఒకసారి మాట్లాడితే సగం టెన్షన్ పోతుంది.

ఈ వేసవికే కావాలంటే టైము తక్కువే ఉంది. నోటిఫికేషన్ ఫిబ్రవరిలో వస్తే పిల్లలు ఒక పేజీ రాసుకుంటారు, మార్చిలో ఎంపిక, పరీక్షలయ్యేలోగా మొదటి విడత డబ్బు. మార్చి దాటితే మేస్త్రీలతో మాట్లాడుకున్న పిల్లలు మాట తప్పలేరు. అరవై మందికి ఈసారి కుదరకపోతే ఇరవై మందితో మొదలుపెట్టండి. సీఎస్పీ క్రెడిట్లు వీళ్లకు ఈ పనికే ఇస్తే కొత్త నిబంధనలు రాయాల్సిన పని కూడా తప్పుతుంది.

నా క్లాసులో ఇప్పుడున్నవాళ్లలో ఏడెనిమిది మంది ప్రశ్నలతో సిద్ధంగా ఉన్నారు. ఒకబ్బాయికి కాటన్ మిల్లుల్లో రాత్రి షిఫ్టు గురించి తెలుసుకోవాలనుంది, ఇంకొకమ్మాయికి తమ ఊరి సీజనల్ హాస్టల్లో పిల్లలు వారం తిరక్కుండా ఎందుకు వెళ్లిపోతున్నారో తెలుసుకోవాలనుంది. మీరు ఏ రోజు పిలిచినా వాళ్లను వెంటబెట్టుకుని కర్నూలు వస్తాను, అరగంట ఇస్తే చాలు, వాళ్లే చెప్తారు. ఆడపిల్లలకు బస్సు ఫ్రీ. మగపిల్లల చార్జీలు మాత్రం విశ్వవిద్యాలయం ఇప్పించాలి.

ఇట్లు,
ఒక డిగ్రీ కాలేజీ ఎకనామిక్స్ లెక్చరర్,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా